గేర్‌బాక్సు మూత తెరవడం కూడా సేద్యంలో భాగమే

పైన పెట్టిన వీడియోలో మా షెడ్డులో ట్రాక్టర్ గేర్‌బాక్సు దించి, విప్పి, మళ్ళీ కట్టినదంతా చూపించాను. వీడియోలో చెయ్యి పని కనిపిస్తుంది గానీ, ఆ పని ఎందుకు చెయ్యాలి, ఎక్కడిదాకా చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నది చెప్పడానికి టైము చాలలేదు. ఆ మాటలు ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యూరియా, పురుగుమందుల కొట్టుకు పోవడం మానేసినాం. విత్తనం ఇంట్లోనే దాచుకుంటున్నాం. కానీ ట్రాక్టర్ మొరాయిస్తే మాత్రం ఇంకా బయటివాళ్ళ చేతులవైపే చూస్తున్నాం. సేద్యంలో ఖర్చు తగ్గాలంటే బండి రిపేరు కూడా ఊర్లోకి రావాలి. ఇంకో మాట కూడా ఉంది: గేర్‌బాక్సును బాగుచేసుకోండి, దాని లోపల మార్పులు మాత్రం చెయ్యొద్దు. మార్పులు చేసుకోవాల్సింది బయట, పనిముట్టు దగ్గర. ఎందుకో ఒక్కొక్కటే చెప్తా.

మూడు రోజుల పదును

మా తాడిపత్రి ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం కలిపి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. అది కూడా లెక్క ప్రకారం పడదు. ఎర్రనేలల్లో ఒక మంచి వాన పడితే పదును మూడు నాలుగు రోజులు నిలబడుతుంది, అంతే. ఆ రోజుల్లో శెనక్కాయ గానీ, కంది గానీ, కొర్ర గానీ నేలలో పడాలి. అటు తూర్పున నల్లరేగళ్ళలో అయితే తడి ఎక్కువగా ఉన్నా బండి దిగబడుతుంది, ఆరిపోయినా గొర్రు దిగదు. పప్పుశనగ వేసేవాళ్ళకు ఆ బాధ తెలుసు.

ఇట్లాంటి చోట గేరు పడకపోవడం అనేది మెకానిక్ సమస్యగా మిగలదు, పంట సమస్య అవుతుంది. మా బండితో మా చేను మాత్రమే కాదు, చుట్టుపక్కల పదకొండు కుటుంబాల చేన్లు విత్తుతాం. అందరూ ప్రకృతి సేద్యం చేసేవాళ్ళే, ఎక్కువమందికి మూడు నాలుగు ఎకరాలే. పదును ఉన్నప్పుడు రెండు రోజులు బండి షెడ్డులో నిలబడితే పదకొండు ఇళ్ళ సంవత్సరం ఆగిపోతుంది. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికి తెలుసు?

"ఎద్దులుంటే ఈ గోల ఉండదు కదా" అని కొందరు పెద్దలు అంటారు. నిజమే. ఎద్దుల జత, మడక, గుంటక ఉన్నవాళ్ళకు నా దండం. పేడకు పేడ, పనికి పని. ట్రాక్టర్ బరువుకు నేల గట్టిపడుతుందన్న మాటా నిజమే, తడినేలలో బండి దించకూడదు. కానీ మా ఊర్లో ఇప్పుడు కాడెద్దులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత ఉన్నాయి. మూడు రోజుల్లో నలభై ఎకరాలు విత్తాలంటే బండి కావాల్సిందే. వాడక తప్పనప్పుడు దాని గురించి తెలుసుకోకపోవడమే తప్పు.

అసెంబ్లీ మొత్తం మార్చాలన్నారు

మా బండి సెకండ్ హ్యాండుది. పోయిన ఎండాకాలం రెండో గేరు దానంతట అదే జారిపోతా వచ్చింది. లో గేర్లలో కూత. పట్టణంలో ఒక షెడ్డుకు తీసుకుపోతే మూత కూడా తీయకుండానే "అసెంబ్లీ మొత్తం మార్చాలి" అన్నారు, 85 వేలు చెప్పారు. నేను బండి వెనక్కి తెచ్చుకున్నా.

మా డిప్లొమాలో యంత్రాల పాఠం ఉంది గానీ, గేర్‌బాక్సు విప్పేంత లేదు. అందుకని తాడిపత్రి లారీ షెడ్లలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దాయనను కూలి మాట్లాడుకుని పిలుచుకొచ్చాను. నాపరాళ్ళు, సిమెంటు మోసే లారీల ఊరు కదా మనది. గేర్‌బాక్సు పని తెలిసిన చేతులు మన దగ్గర బోలెడు ఉన్నాయి. వాళ్ళను సేద్యం వైపు పిలిచేవాళ్ళే తక్కువ.

విప్పి చూస్తే గేర్ల పళ్ళన్నీ బాగున్నాయి. పోయినవి ఇవి: రెండు బేరింగులు, ఒక గేరు ఫోర్కు, గేరును పట్టి నిలబెట్టే గుండు కింద స్ప్రింగులు, మూడు ఆయిల్ సీళ్ళు. గేరు జారిపోవడానికి మామూలుగా ఉండే కారణాలు ఇవే. ఫోర్కు అరిగితే గేరు పూర్తిగా లోపలికి పోదు. స్ప్రింగు మెత్తబడితే పట్టు ఉండదు. బేరింగు లూజైతే షాఫ్టు పక్కకు వంగి గేరును బయటికి తోస్తుంది. స్పేర్లు, ఆయిలు, ప్యాకింగులు, పెద్దాయన కూలి అన్నీ కలిపి నాకు 19 వేలు అయింది. నాలుగు రోజులు పట్టింది. మిగిలిన డబ్బు కన్నా, మా బండి కడుపులో ఏముందో నాకు ఇప్పుడు తెలుసు. అదీ నాకు మిగిలిన అసలు లాభం.

ఇంట్లో విప్పాలనుకునేవాళ్ళకు

మొదట ఆయిలు చూడండి. డ్రెయిన్ ప్లగ్గు విప్పి పాత ఆయిలు శుభ్రమైన తెల్ల బకెట్టులోకి పట్టండి. పాలలాగా ఉంటే నీళ్ళు చేరినట్టు. మెరుపు రజను సన్నగా ఉంటే మామూలు అరుగుదల. గోరుకు తగిలే ముక్కలుంటే పన్నో, బేరింగో విరిగినట్టు. సగం జబ్బు బకెట్టులోనే తెలిసిపోతుంది.

బండిని నడిమికి విడదీసేటప్పుడు ప్రాణం ముఖ్యం. ముందు ఇరుసుకు రెండు వైపులా చెక్క ఆప్పులు కొట్టకపోతే ఇంజను పక్కకు ఒరుగుతుంది. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని బండి కిందికి దూరొద్దు. కింద గట్టి దిండ్లు, పైన చైన్ బ్లాకు, రెండూ ఉండాలి. ఒంటరిగా చెయ్యకండి.

మన ఊరికి ప్రత్యేకమైన శత్రువు దుమ్ము. రాయి కోసే, పాలిష్ పట్టే ఫ్యాక్టరీల పొడి, సిమెంటు పొడి గాలిలో ఉంటాయి. ఆ పొడి బేరింగులో పడితే సానరాయితో సమానం. నేను షెడ్డు నేల తడిపి, నాలుగు వైపులా తడి గోనెపట్టాలు కట్టి, గాలి తగ్గిన పొద్దున పూటే లోపలి సామాను కట్టించాను.

విప్పిన వరుసలోనే సామాను పేర్చండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి. సన్నటి షిమ్ములు ఏ పక్కవి ఆ పక్కనే కవర్లో వేసి రాసిపెట్టండి. క్రౌన్, పినియన్ మధ్య సందును నిర్ణయించేది ఆ షిమ్ములే. అవి తారుమారైతే కొత్త బేరింగు వేసినా కూత పోదు.

ఆయిలు విషయంలో కంపెనీ పుస్తకం చెప్పిందే పొయ్యండి. ఆయిల్లో మునిగే బ్రేకులున్న బండికి ఒక రకం, పొడి బ్రేకుల బండికి ఇంకో రకం. కొట్టువాడు "అన్నీ ఒకటే అన్నా" అంటే వినొద్దు. బ్రేకు ప్లేట్లు పాడవుతాయి.

ఇంకొకటి, ఇది మనబోటివాళ్ళకే చెప్పాల్సిన మాట. పాత గేరు ఆయిలును చెట్ల మొదళ్ళకు, గట్లకు పొయ్యొద్దు. చెదలు పోతాయని చీనీ చెట్ల మొదట్లో పూసేవాళ్ళను చూసినా. జీవామృతం పోసే నేలలో ఆ నల్ల ఆయిలుకు చోటు లేదు. డబ్బాలో పట్టి, మూతపెట్టి, పాత ఆయిలు కొని శుద్ధి చేసేవాళ్ళకు ఇవ్వండి. కారే సీలును కూడా చిన్నదనుకోవద్దు. రోజుకు 20 మిల్లీలీటర్లు కారితే 50 రోజుల్లో లీటరు ఆయిలు మీ చేలోకి దిగుతుంది.

ఆటోమేటిక్ సంగతి

పోయిన వీడియో కింద చాలామంది అడిగారు: "అమెరికాలో ఇంటి గ్యారేజీలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి, మార్చి కడుతున్నారు కదా, మనం ఎందుకు చెయ్యలేం?" మంచి ప్రశ్న.

ఆటోమేటిక్ అంటే మాయ ఏమీ లేదు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులోనే గేర్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పద్ధతి ఉంది. దాని పట్టీలు లూజైతే అక్కడి రైతులు మూత తీసి తామే బిగించుకునేవాళ్ళు. ఆ కారునే ట్రాక్టర్‌గా మార్చుకునే కిట్లు కూడా అమ్ముడుపోయాయి. 1939లో జనరల్ మోటార్స్ కంపెనీ హైడ్రామాటిక్ తెచ్చినాక గేరు మార్చే పని ఆయిలు ఒత్తిడి చేతికి పోయింది.

నవగ్రహాల మండపం గుర్తు తెచ్చుకోండి. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు. వాటి బయట లోపలివైపు పళ్ళున్న ఒక పెద్ద రింగు. రింగును కదలకుండా పట్టి, నడిమి గేరును తిప్పితే, గ్రహాలను మోసే చట్రం నిదానంగా తిరుగుతుంది. నడిమి గేరుకు 20 పళ్ళు, రింగుకు 60 పళ్ళు ఉంటే లెక్క ఇది: 60ని 20తో భాగించి ఒకటి కలపాలి, 4 వస్తుంది. అంటే నాలుగు చుట్లకు ఒక చుట్టు. వేగం నాలుగోవంతు, బలం నాలుగింతలు. మన ఊళ్ళలో తిరిగే పాత మాస్సీ 1035 బళ్ళలో మూడు గేర్లను ఆరు చేసే హై, లో యూనిట్ ఈ పద్ధతిదే. అంటే ఆటోమేటిక్ గుండెకాయలో ఒక ముక్క మన చేన్లలో ఎప్పటినుంచో తిరుగుతా ఉంది.

తేడా ఎక్కడంటే, ఆటోమేటిక్‌లో ఆ రింగును ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఆయిలు దారులు, వాల్వులు, ఇప్పుడైతే కంప్యూటరు నిర్ణయిస్తాయి. క్లచ్ ప్లేట్లను కట్టేముందు అదే ఆయిల్లో నానబెట్టాలి. ప్లేట్ల మధ్య సందు ఫీలర్ గేజితో కొలవాలి. చిన్న గుండ్లు జారకుండా వ్యాసిలిన్ పూస్తారు. అది ఆయిల్లో కరిగిపోతుంది, మామూలు గ్రీజు కరగక దారులు మూసేస్తుంది. తుడిచే గుడ్డ దారప్పోగు ఒక్కటి చాలు, వాల్వు ఇరుక్కుపోవడానికి. టార్క్ కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చోకముందే బోల్టులు బిగిస్తే ఆయిలు పంపు పగులుతుంది.

ఇంత ఉన్నా అక్కడివాళ్ళు ఇంట్లో కడుతున్నారంటే కారణం వాళ్ళ తెలివి ఒక్కటే కాదు. ఆ పాత మోడళ్ళకు సర్వీసు పుస్తకం బజారులో దొరుకుతుంది. సీళ్ళు, ప్లేట్లు, ప్యాకింగులు అన్నీ ఒకే డబ్బాలో కిట్టుగా దొరుకుతాయి. ఆ రెండూ ఉంటే మన పెద్దాయన కూడా కడతాడు. లేకపోతే ఎంత తెలివైనవాడైనా కట్టలేడు.

అక్కడ మార్పులు చేసేవాళ్ళలో కూడా బరువు లాగే బళ్ళకు మొదట చేసే మేలైన మార్పు ఏమిటో తెలుసా? విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టుకోవడం. వేడే ఆటోమేటిక్‌కు యముడు కాబట్టి. గమనించారా, అది లోపల మార్పు కాదు. పెట్టె బయట చేసే పని.

లోపల ఎందుకు మార్చొద్దంటున్నా

మనవాళ్ళు ఎక్కువగా అడిగే మార్పు "బండి ఇంకా నిదానంగా పోవాలి" అని. నవధాన్య విత్తనాలు విత్తడానికి, సాళ్ళ మధ్య కలుపు తీయడానికి, మొద్దులు ముక్కలు చేసి ఆచ్ఛాదన పరచడానికి నిదానం కావాలి. దానికి గేర్‌బాక్సు లోపల లేతు మీద చేయించిన గేరు పెట్టిస్తామని కొన్ని షెడ్లలో చెప్తున్నారు.

లెక్క చూద్దాం. పెద్ద టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 4 మీటర్లు పోతుందనుకోండి. ఇంజను నిమిషానికి 2000 చుట్లు, టైరు 10 చుట్లు తిరిగితే నిమిషానికి 40 మీటర్లు, అంటే గంటకు 2.4 కిలోమీటర్లు. దాన్ని గంటకు 1 కిలోమీటరుకు దించాలంటే ఇంకో 2.4 రెట్లు తగ్గింపు కావాలి. వేగం ఎంత తగ్గితే ఆ గేరు వెనకాల ఉన్న క్రౌన్ పినియన్ మీద, ఇరుసు మీద పడగలిగే బలం అంత పెరుగుతుంది. కంపెనీ ఆ పినియన్‌ను 2.4 రెట్ల బలానికి తయారు చెయ్యలేదు. కలుపు తీసేటప్పుడు ఏమీ కాకపోవచ్చు. డ్రైవరు అదే గేరులో మడక దించినాడంటే, టైరు జారకముందే పినియన్ పన్ను పోతుంది. కంపెనీ క్రీపర్ గేరుతో వచ్చే బళ్ళలో కూడా ఆ గేరులో బరువు పనులు చెయ్యొద్దని హెచ్చరించేది అందుకే.

మరి ఏం చెయ్యాలి? గొర్రుకు పీటీఓ అక్కర్లేదు. లో ఒకటో గేరులో ఆక్సిలేటర్ తగ్గించి ఇంజను 1000 చుట్లకు దించితే వేగం గంటకు 1.2 కిలోమీటర్లకు వస్తుంది. రూపాయి ఖర్చు లేదు. విత్తనం దూరం మార్చాలంటే గొర్రు చైన్ పళ్ళచక్రం మార్చండి. విత్తనం డబ్బాలో రోలరు ఒక చుట్టుకు 10 గింజలు వదిలితే, గింజ గింజకు 10 సెంటీమీటర్లు కావాలంటే, బండి ఒక మీటరు పోయేసరికి రోలరు ఒక చుట్టు తిరగాలి. నేల చక్రం చుట్టుకొలత మీటరున్నర అయితే ఒక చుట్టుకు రోలరు ఒకటిన్నర చుట్లు తిరగాలి. నేల చక్రానికి 18 పళ్ళు, రోలరుకు 12 పళ్ళు పెడితే సరిపోయింది. లేతు దగ్గర ఒక పూట పని. తప్పొస్తే సాయంత్రానికి విప్పి మార్చుకుంటాం. గేర్‌బాక్సు లోపల తప్పొస్తే పదును పోతుంది.

పీటీఓతో తిరిగే పనిముట్టుకు నిజంగా నిదానం కావాలంటే మాత్రం ఇంజను తగ్గించి లాభం లేదు, పీటీఓ కూడా తగ్గిపోతుంది. అప్పుడు కంపెనీ క్రీపర్ ఉన్న బండినే బాడుగకు తెచ్చుకోవడం మేలు.

విప్పడానికి వీలున్న బండే కొనండి

ఇప్పుడు 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటితో కంప్యూటర్ నడిపే ఇంజన్లూ వచ్చాయి. చైన్ హార్వెస్టర్లలో, నాటు మిషన్లలో గేరు మార్చే అవసరం లేని హైడ్రోస్టాటిక్ పద్ధతి వచ్చేసింది. పొగ తగ్గడం మంచిదే, నేను దానికి అడ్డం కాదు. కానీ తాళంచెవి కంపెనీ దగ్గర, అప్పు రైతు దగ్గర ఉండకూడదు.

అమెరికాలో ఈ గొడవ ఎంత దూరం పోయిందంటే, కొలరాడో రాష్ట్రం 2023లో రైతులకు తమ యంత్రాలు తామే బాగుచేసుకునే హక్కు మీద చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రిపేరు అడ్డంకుల మీద జాన్ డీర్ కంపెనీపై కేసు వేసింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. ముందుగా చూడాల్సిన రంగాల్లో వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచారు. మంచి మొదలే. కానీ తెలుగులో సర్వీసు పుస్తకం మన చేతికొచ్చి, స్పేర్ల నంబరు, ధర కౌంటర్లో కనబడిన రోజే అది హక్కు.

కాబట్టి బండి కొనేముందు షోరూములో ఈ ప్రశ్నలు అడగండి. సర్వీసు పుస్తకం ఇస్తారా? ఈ గేర్‌బాక్సు బేరింగులు, సీళ్ళు విడిగా అమ్ముతారా, లేక అసెంబ్లీయేనా? లోపం కోడ్ బయటి మెకానిక్ చదవగలడా? వారంటీ అయిపోయినాక బయట చేయించుకుంటే ఏమైనా ఆపేస్తారా? జవాబు నసిగితే, తక్కువ హంగులున్న పాత పద్ధతి బండే మేలు. వారంటీ ఉన్న బండిని మాత్రం మీరు విప్పొద్దు, ఆ కాలంలో బాధ్యత వాళ్ళది.

మనం చెయ్యగలిగింది

గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దక్షిణ ప్రాంతానికంతటికీ అదే. 1983 నుంచి మన జిల్లాలోనే ఉన్నా, మన ప్రకృతి సేద్యం గ్రూపుల్లో అక్కడికి పోయినవాళ్ళను నేను చాలా తక్కువ చూసినా. జీవామృతం ట్రైనింగుకు బస్సెక్కినట్టే అక్కడికీ ఎక్కుదాం. ఊరికి ఇద్దరు, అందులో ఒక ఆడమనిషి ఉంటే మరీ మంచిది. బండి నడిపేది మగవాళ్ళైనా, కషాయాలు అమ్మే దుకాణాలు, పనిముట్ల బాడుగ కేంద్రాలు చాలాచోట్ల పొదుపు సంఘాల అక్కల చేతుల్లోనే ఉన్నాయి.

రెండోది, ప్రతి బాడుగ కేంద్రంలో ఘనజీవామృతం బస్తాల పక్కనే ఒక పానాల పెట్టె ఉండాలి. బేరింగ్ పుల్లర్, టార్క్ పానా, డయల్ గేజి, ఫీలర్ గేజి, చైన్ బ్లాకు. ఒక్క రైతు కొనాలంటే బరువు. ఇరవైమంది కలిస్తే ఒక్కొక్కరికి ఆ బరువు అంతగా తెలియదు.

మూడోది, లారీ షెడ్లలో వయసు మీరిన మేస్త్రీలు ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. దేశీ విత్తనం పోతే ఎట్లా వెతుక్కుంటామో, ఆ చేతిపని పోయినాక కూడా అట్లాగే వెతుక్కోవాల్సి వస్తుంది. ఎండాకాలం ఖాళీగా ఉన్నప్పుడే వాళ్ళను పిలిచి, కూలి ఇచ్చి, మన పిల్లకాయలను పక్కన కూర్చోబెట్టండి.

తొలకరికి ఇంకా టైముంది. ఈ వారం ఒక్క పని చెయ్యండి: మీ బండి డ్రెయిన్ ప్లగ్గు విప్పి ఆయిలు తెల్ల బకెట్టులో పట్టి చూడండి. ఏం కనిపించిందో ఫోటో పెట్టండి. మా పెద్దాయనకు చూపించి, విప్పాలా వద్దా అన్నది వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం. ఉంటాను.